ముఖాన చెప్పిన జవాబు

ప్రభుత్వాఫీసు ఇచ్చిన ఆర్డరు మీద హైకోర్టుకు వెళ్తానని ఆత్మకూరు కోర్టు ఆవరణలో ఎవరితోనైనా అని చూడండి. వద్దని ఎవరూ అనరు. ఓ నవ్వు నవ్వి, కూర్చోమని టీ తెప్పిస్తారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గట్టు తగాదాకు, చెల్లని చెక్కుకు, విడాకులకు రాని నవ్వు, ఒక అధికారి సంతకం పెట్టిన కాగితాన్ని ప్రశ్నిస్తామంటే మాత్రం ఎందుకు వస్తుందో ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాకు అర్థం కాలేదు. ఆర్డరంటే ఎండ లాంటిదట, కాస్తే భరించాలట. ఈ మాట నాతో అన్నది నల్లకోటు వేసుకున్న మనిషే.

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో వాళ్ళూ, ఉదయగిరి నుంచి నేను రోజూ ఎక్కే బస్సు కండక్టరూ ఈ సంగతికి సాక్ష్యం చెబుతారు. ఇప్పుడు రాయబోయేది కూడా కోపంతోనే మొదలైంది. కానీ దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు మనుషుల మీద గౌరవం పెరుగుతుంది. అందుకే రాస్తున్నాను.

ఈమధ్య ఒక ఎండాకాలం, కోర్టు వెనక రేకుల షెడ్డులో నా బల్ల ముందుకు నలుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. సీతారామపురం వైపు మెట్టలో, ఒక చెరువు కట్ట కింద ఉండే కాలనీ వాళ్ళది. చేపలు పట్టడం, కూలికి పోవడం తప్ప ఇంకో ఆధారం లేని కుటుంబాలు. ఆ చెరువులో చేపలు పట్టుకునే హక్కు ఆ కాలనీ ఆడవాళ్ళ సంఘానికి లీజు మీద ఉంది. నలుగురిలో పెద్దావిడ ఆ సంఘానికి ప్రెసిడెంటు. వాళ్ళంతా ఆమెను ప్రెసిడెంటవ్వ అంటుంటే నేనూ అట్లాగే పిలిచాను. సన్నటి మనిషి, ఎండకు కమిలిన ముఖం, మాట మాత్రం గట్టిది.

ఆమె కొంగులోంచి తీసి ఇచ్చిన ఆర్డరు చదివాను. ఏ ఆఫీసుదో ఇక్కడ రాయను. సంఘం వాళ్ళు చెరువును వాడుకోవడం లేదని, తనిఖీకి వచ్చినప్పుడు వలలు గుడిసెల మీద ఎండుతున్నాయని, సంజాయిషీ నోటీసుకు జవాబు కూడా ఇవ్వలేదని, కాబట్టి లీజు రద్దు చేసి చెరువును వేలం వేస్తున్నామని ఉంది.

"నోటీసుకి జవాబు ఎందుకియ్యలేదు అవ్వా?" అన్నాను.

"ఇచ్చినాం గదా."

"దాని కాపీ ఏది?"

"కాపీ ఏంది మా? ముఖాన చెప్పినాం."

అదీ సంగతి. నోటీసు వచ్చిందట. చదువు వచ్చిన పిల్ల ఒకతె చదివి చెప్పిందట. కాలనీలో ఆడవాళ్ళంతా ఆటోలు ఎక్కి ఆఫీసుకు పోయారట. ఆఫీసరు జీపు ఎక్కబోతుంటే వరండాలో ఆపి, చెప్పాల్సిందంతా చెప్పారట. ఆయన "సరే సరే, చూస్తాం" అన్నాడట. ఇంకేముంది, పని అయిపోయిందని ఇళ్ళకు తిరిగొచ్చి వంటలు చేసుకున్నారు.

నాకు తిక్కరేగింది. "నోటితో చెబితే అది జవాబా అవ్వా? నోటీసంటే రాసియ్యాల. రాసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాల. చదువొచ్చిన పిల్ల ఉండాది గదా, ఆ పిల్లకైనా తోచలేదా?"

ఆమె నా కోపాన్ని లెక్కచేయలేదు. "రాసి పంపించేది ముఖం చూపించలేనోళ్ళు మా. మేమేం తప్పు చేసినామని? పోయినాం, ఎదురుగా నిలబడినాం, చెప్పినాం. ఆయప్ప సరే అన్నాడు."

తర్వాత ఆ కాలనీకి వెళ్ళి వచ్చాక ఆ మాట నాకు బాగా అర్థమైంది. అక్కడ ఎవరి మీదైనా ఒక నింద పడితే, ఆ మనిషి తానే లేచి నింద వేసినవాళ్ళ గుమ్మం ముందుకు పోయి నిలబడాలి. ఇంకొకరి చేత కబురు పంపితే తప్పు ఒప్పుకున్నట్టే. అవతలి మనిషి "సరే" అనేదాకా కదలకూడదు. సరే అన్నాడంటే విన్నాడని అర్థం, ఇక ఆ మాట మీద రాద్ధాంతం ఉండదు. తరాలుగా వాళ్ళ తగాదాలన్నీ ఇట్లాగే తీరుతున్నాయి. ఆఫీసరు "సరే సరే" అన్నది జీపు ఎక్కే తొందరలో అని వాళ్ళెలా అనుకుంటారు? మన ఆఫీసుల్లో సరే అంటే ఇక దయచేయండి అని అర్థమని వాళ్ళకెవరు చెప్పారు?

"ఇంతకీ ఏం చెప్పినారు ఆయనకి?" అన్నాను.

"తల్లినీళ్ళ సంగతి చెప్పినాం."

వానలు తక్కువైన ఏడు చెరువు ఎండుతూ ఎండుతూ చివరికి తూము దగ్గర లోతులో మాత్రం నీళ్ళు మిగులుతాయి. వాటిని వాళ్ళు తల్లినీళ్ళంటారు. చెరువులో బతికి ఉన్న కొరమేనులన్నీ అక్కడికే చేరతాయి. చెయ్యి పెడితే దొరుకుతాయి. అందుకే అప్పుడు వల వేయరు. ఆ చేపలే తర్వాత వానలకు పిల్లలు పెట్టి చెరువు నింపుతాయని వాళ్ళ లెక్క. ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే, కూలికి పోతారు, పస్తులుంటారు, తల్లినీళ్ళ జోలికి మాత్రం పోరు. తనిఖీకి వచ్చినాయన కంటికి పడింది ఆ ఆరిన వలలే. చెరువును వాడుకోవడం లేదని రాసేశాడు.

ఆ సాయంత్రం ఉదయగిరిలో ఇంటికి వచ్చేసరికి మా చిన్నాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఊళ్ళో ఏ వేలం జరిగినా, ఏ కాంట్రాక్టు పడినా ఆయన చెయ్యో, ఆయన మనిషి చెయ్యో ఉంటుంది. నా దగ్గరికి ఎవరొచ్చారో నేను బస్సు దిగకముందే ఆయనకు తెలిసిపోయింది.

"ఆ చెరువు మనోడు పాడుకుంటాడు. నువ్వు మధ్యలో దూరబాకమ్మా," అన్నాడు.

"పాడుకోని ఏం చేస్తాడు చిన్నాయనా? చెరువులో నీళ్ళే లేవే."

"తూము కాడ ఉండాయి గదా. ఇంజన్ పెట్టి తోడిస్తే ఒక్క పూట పని. కొరమేనంతా చేతికొస్తాది. దాన్నట్ట వదిలిపెట్టుకోని కూర్చునేది పిచ్చి."

మా చిన్నాయన చెడ్డవాడేం కాదు. అవసరమైతే ఎవరికైనా సాయం పోతాడు. కానీ ఆ మాట విన్నాక వేలం జరిగితే ఏమవుతుందో నాకు స్పష్టంగా కనపడింది. తల్లినీళ్ళు ఒక్క పూటలో పోతాయి. తర్వాత ఎంత వాన కురిసినా చెరువులో చేప ఉండదు. కాలనీలోని కుటుంబాలకు కుటుంబాలే సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోతాయి. అట్లా పోయినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో, అసలు తిరిగొస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. చిన్నాయనకు అన్నం వడ్డించి, ఆయన వెళ్ళగానే రిట్ పిటిషన్ రాయడానికి కూర్చున్నాను.

హైకోర్టులో నేను అంతకుముందు ఎప్పుడూ స్వయంగా వాదించలేదు. మా ప్రాంతం లాయర్లం కేసు తయారుచేసి విజయవాడలో ఉన్న పెద్ద లాయర్లకు పంపేస్తాం. ఈసారి ఎందుకో పంపబుద్ధి కాలేదు. పంపితే వాళ్ళు నా బల్ల మీదున్న కాగితాలే వాదిస్తారు. ఈ కేసులో అసలు సంగతి కాగితాల్లో లేదు.

అదే పెద్ద చిక్కు. ఆడవాళ్ళు వెళ్ళి చెప్పారని నేను అఫిడవిట్‌లో రాశాను. రుజువు ఏది? మా బారులో నాకంటే బాగా పెద్దాయన ఒకరు డ్రాఫ్టు చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, ఎవరూ రాలేదని ఆఫీసువాళ్ళొక్క ముక్క రాస్తే నీ కేసు అక్కడికక్కడే పడుకుంటుంది" అన్నారు. నవ్వలేదు. అది నిజమని నాకూ తెలుసు. రాత్రి నిద్రపట్టేది కాదు.

ఇంకో తంటా, తల్లినీళ్ళు. ఇంగ్లీషులో ఆ మాటను మార్చి పెడితే పిల్లల కథలా ఉంది. కొట్టేశాను. కనీస నీటి నిల్వ అనే అర్థం వచ్చేట్టు రాస్తే ఇరిగేషన్ వాళ్ళ రిపోర్టులా ఉంది. అదీ కొట్టేశాను. చివరికి తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, అదేమిటో కింద నాలుగు ముక్కల్లో చెప్పాను.

మొదటిసారి కేసు పిలిచినప్పుడు ఇంటి నుంచే, లాప్‌టాప్ ముందు నల్లకోటు వేసుకుని కూర్చుని ఆన్‌లైన్‌లో మాట్లాడాను. ఆఫీసు తరఫున జవాబు వచ్చేదాకా వేలం ఆపమని జడ్జిగారు స్టే ఇచ్చారు. ఆనందం పట్టలేక వెంటనే ప్రెసిడెంటవ్వకు ఫోన్ చేశాను.

"వేలం ఆగింది అవ్వా."

"జడ్జిగారు మా మాట విన్నాడా?"

"నేను చెప్పినాను, విన్నారు."

"నువ్వు చెప్పింది సరేలే," అంది. ఆ గొంతులో సంతోషం లేదు. "ఈసారి నేనొస్తా."

పార్టీలు రానక్కర్లేదని, వచ్చినా వాళ్ళను ఎవరూ మాట్లాడమనరని ఎంత చెప్పినా ఆమె వినలేదు. తన మీద పడ్డ మాటకు తాను లేకుండా ఇంకొకరు జవాబు చెప్పడం ఆమెకు మింగుడు పడలేదు. చివరి విచారణ రోజు పడ్డాక ఇద్దరం బయల్దేరాం. నెల్లూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి విజయవాడకు రైలు, మళ్ళీ అక్కణ్ణుంచి హైకోర్టుకు బస్సు. అవ్వకు ఉతికిన చీర, చంకలో సంచి, సంచిలో సంగటి ముద్దలూ ఎండుచేపల పులుసూ. రైల్లో పులుసు గిన్నె మూత తీయగానే ఎదుటి సీట్లవాళ్ళు కిటికీ వైపు జరిగారు. "అవ్వా, నీ పులుసుకి టికెట్ తీసుకోవాల్సింది," అంటే పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. మనిషి నవ్వగా చూడటం అదే మొదలు.

ఆఫీసు వాళ్ళ కౌంటరు, అంటే మా పిటిషన్‌కు వాళ్ళు దాఖలు చేసిన జవాబు, అంతకుముందు సాయంత్రమే నాకు మెయిల్‌లో వచ్చింది. బట్టలు సర్దుకునే హడావుడిలో పైపైన చూశాను. ఇప్పుడు ఫోన్‌లో తీరిగ్గా చదువుతుంటే ఒక పేరా దగ్గర ఆగిపోయాను. మళ్ళీ చదివాను. పిటిషనర్లు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వకుండా, గుంపుగా ఆఫీసుకు వచ్చి, అల్లరి చేసి, తల్లి చేపలనీ తల్లినీళ్ళనీ పొంతన లేని కారణాలు నోటితో చెప్పి వెళ్ళిపోయారని రాసి ఉంది.

నేను రైల్లో గట్టిగా నవ్వేశాను. ఇన్ని రాత్రులు నాకు నిద్ర లేకుండా చేసిన రుజువును వాళ్ళే, మా వాళ్ళను తిట్టబోయి, సంతకం పెట్టి పంపించారు. వచ్చారని ఒప్పుకున్నారు. చెప్పారని ఒప్పుకున్నారు. ఏం చెప్పారో కూడా రాశారు. ఆనందంగా ఆ పేరాను తెలుగు చేసి అవ్వకు వినిపించాను.

ఆమె ముఖం మాడిపోయింది. "అల్లరి చేసినామా మేము?"

"అది పోనీలే అవ్వా. మనకిది మంచిది. మీరు వచ్చి చెప్పినారని వాళ్ళ నోటితోనే..."

"అల్లరి చెయ్యలేదు మా. అరుగు కాడ నిలబడి చెప్పినాం. నేనొక్కదాన్నే మాట్లాడినా, మిగతావోళ్ళు నోరు కూడా ఎత్తలేదు. అవద్ధం రాసినారు."

"అవద్ధమే. కానీ ఆ అవద్ధం వల్ల మన కేసు గట్టిపడింది."

"గట్టిపడితే పడనీ. అల్లరి చెయ్యలేదని గూడా చెప్పు జడ్జిగారికి."

వాదన బాగుపడిన చోట ఈ మాట తెచ్చి పెడితే పలచబడుతుందని నాకు భయం. లాయరు బుద్ధి. ఒంగోలు దాటేదాకా నచ్చజెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది గానీ ఒక్క మెట్టు దిగలేదు. గెలవడానికి పనికొస్తుందని తన మీద ఒక అబద్ధాన్ని ఉండనిచ్చే మనిషి కాదామె. ఇంతమంది క్లయింట్లను చూశాను, ఇట్లాంటి పేచీ పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. విసుక్కుంటూనే లోలోపల ఆమెకు దండం పెట్టాను.

కోర్టు హాల్లో ఆమెను వెనక కుర్చీలో కూర్చోబెట్టి నేను ముందుకు వెళ్ళాను. మా కేసు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. జడ్జిగారు ఫైలు తిప్పుతూ, నోటీసుకు జవాబు ఇచ్చారా లేదా అని అడిగారు. ఇచ్చారు, నోటితో ఇచ్చారు, ఆ సంగతి కౌంటరులోనే ఉందన్నాను. పేరా చూపించాను. అల్లరి మాత్రం చేయలేదని, ఆ మాట కోర్టుకు చెప్పి తీరాలని పిటిషనర్ పట్టుబట్టారని కూడా చెప్పేశాను. జడ్జిగారు తలెత్తి నా వెనకున్న కుర్చీల వైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, మళ్ళీ ఫైల్లోకి దిగారు.

తర్వాత ప్రభుత్వ ప్లీడరును అడిగారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి గానీ వాటి సారం ఇది.

"వాళ్ళు వచ్చి ఏదో చెప్పారని మీరే అంటున్నారు. ఆ చెప్పింది మీ రద్దు ఆర్డరులో ఎక్కడుంది?"

ప్లీడరు ఆర్డరు తిరగేశారు. ఆయన కావాలనుకుంటే ఇంకో వాయిదా అడగొచ్చు. మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. అట్లా చేసేవాళ్ళను నేను కింది కోర్టుల్లో రోజూ చూస్తాను. ఆయన కాగితాలు మూసి, "ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే, దాన్ని పరిశీలించినట్టు ఆర్డరులో కనపడదు," అన్నారు.

"వాళ్ళు చెప్పిన కారణం తప్పే అయి ఉండొచ్చు. కానీ తప్పని అనడానికైనా ముందు వినాలి కదా," అన్నారు జడ్జిగారు. రద్దు ఆర్డరును కొట్టేశారు. సంఘం వాళ్ళను స్వయంగా పిలిచి, వాళ్ళు చెప్పింది విని, కారణాలతో కొత్త నిర్ణయం తీసుకోవాలని, అంతవరకు వేలం గానీ, చెరువు ముట్టుకోవడం గానీ కూడదని చెప్పి, పక్క ఫైలు తీసుకున్నారు. అంతా కలిపి టీ తాగే సేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక ప్రెసిడెంటవ్వ, "అంతేనా? నన్నేమీ అడగలేదే," అంది. సంగతి వివరంగా చెప్పాను. ఆమె నిలబడిపోయింది.

"మళ్ళా ఆయప్ప కాడికేనా పంపినాడు?"

ఆ ప్రశ్న నాకూ గుచ్చుకుంది. నిజానికి నాకూ అక్కడే కోపం వస్తుంది. ఇన్ని మైళ్ళు వచ్చి గెలిస్తే, చెరువు మీదేనని హైకోర్టు చెప్పదు. ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆఫీసరే. ఆ నిర్ణయం తీసుకున్న తీరు సరిగ్గా ఉందా లేదా అన్నంతవరకే కోర్టు చూస్తుంది. లా కాలేజీలో ఇది చదివినప్పుడే నాకు చప్పగా అనిపించింది. ఆకలితో ఉన్నవాడికి విస్తరి వేసి అన్నం వడ్డించకుండా పోయినట్టు. రేపు అదే ఆఫీసరు కూర్చోబెట్టి విని, మళ్ళీ రద్దు అని రాస్తే?

హైకోర్టు నుంచి విజయవాడ తిరిగొచ్చే బస్సులో ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత నా చెయ్యి తట్టి అడిగింది.

"ఈసారి ఆయప్ప వినాల్సిందేనా?"

"వినాల్సిందే."

"జీపెక్కి పోయేదానికి లేదా?"

"లేదు. నువ్వు చెప్పింది ఆర్డరులో రాయాల. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అది గూడా రాయాల."

"అట్టయితే చాలు," అని సంచి మీద తలపెట్టి నిద్రపోయింది. నాకు చప్పగా తోచిన ఆ తీర్పులో ఆమెకు కావలసింది దొరికింది. వినాల్సిందే అన్న ఒక్క ముక్క కోసం ఆమె ఇంత దూరం వచ్చింది. ఆ ముక్క విలువ నాకు ఆ బస్సులో తెలిసొచ్చింది.

విచారణ రోజు కాలనీ ఆడవాళ్ళంతా మళ్ళీ ఆటోల్లో వచ్చారు. ఈసారి రాతపూర్వకమైన జవాబు నా చేతిలో సిద్ధంగా ఉంది. గదిలో అదే ఆఫీసరు. నేను కొట్లాటకు కొంగు బిగించుకునే వెళ్ళాను. ఆయన లేచి ప్రెసిడెంటవ్వకు కుర్చీ చూపించాడు. ఆమె ఒద్దంది. జవాబు నిలబడే చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి. ఆయనకు ఏమనిపించిందో, తానూ కూర్చోకుండా బల్లకు ఆనుకుని నిలబడే కాగితం తీసుకున్నాడు. టైపిస్టు సెలవులో ఉన్నాడట, ఆయనే రాసుకోవడం మొదలుపెట్టాడు.

నా జవాబు ముందుకు జరిపితే ప్రెసిడెంటవ్వ నా చెయ్యి పక్కకు నెట్టింది. "నేను చెప్పినాక ఇయ్యి మా."

ఆమె చెప్పింది. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో, వలలు ఎప్పుడు తీసేస్తారో, తీసేశాక ఇళ్ళు ఎట్లా గడుస్తాయో చెప్పింది. ఆఫీసరు మధ్యలో అడిగాడు.

"మీరు వదిలేస్తే వేరే ఊరోళ్ళు వచ్చి పట్టుకోరా అవ్వా?"

"వస్తారు సార్. అందుకే రాత్రిపూట వంతులేసుకోని కట్ట మీద పండుకుంటాం."

"వానలు అసలుకే రాకపోతే? ఆ నీళ్ళు గూడా ఎండిపోతే చేప దండగే గదా?"

"దండగే. మా అమ్మ కాలంలో ఒక తూరి అట్టయిందంట. అందుకని పట్టేసుకుంటే, వానలొచ్చిన ఏడు ఏం పట్టాల సార్?"

ఆయన ఆ ప్రశ్నను కూడా రాసుకున్నాడు. ఆయన ముఖంలో వెటకారం లేదు, విసుగు లేదు. అర్థంకానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. బయట ఎవరో పిలిస్తే తర్వాత రమ్మన్నాడు. కోర్టు చెప్పింది కాబట్టి విన్నాడని అనవచ్చు. కానీ కోర్టు చెప్పినా మొక్కుబడిగా వినేవాళ్ళను నేను ఎరుగుదును. ఒకసారి తాను రాసిందాన్ని పై కోర్టు కొట్టేశాక, ఆ అవమానాన్ని దిగమింగి, అదే మనిషి మాటను అంత శ్రద్ధగా వినడం తేలిక కాదు. నేను కొట్లాటకు తెచ్చుకున్న మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

అంతా అయ్యాక ఆమె అక్కడే నిలబడింది. ఎందుకో నాకు తెలుసు గాని ఆయనకు తెలియదు. కాసేపు చూసి, "విన్నానవ్వా, ఇంక పోయి రాండి," అన్నాడు. అప్పుడు కదిలింది.

కొత్త ఆర్డరు కొన్నాళ్ళకు రిజిస్టర్డ్ పోస్టులో నాకు వచ్చింది. ఆఖరి పేరా చూసుకుని, ఫోన్‌లో చెప్పకుండా దాన్ని పట్టుకుని సీతారామపురం బస్సెక్కాను. మా చిన్నాయన అప్పటికే నాతో మాటలు తగ్గించాడు. ఎక్కడికని కూడా అడగలేదు.

కాలనీలో ప్రెసిడెంటవ్వ ఇంటి ముందు అందరూ చేరారు. పనులకు పోయినవాళ్ళు కూడా కబురందుకుని వచ్చారు. మొదటినుంచి చదవమంది. చదివాను. హైకోర్టు ఉత్తర్వు నంబరు, పాత ఆర్డరు నంబరు, అవన్నీ దాటాక ఆ పేరా వచ్చింది.

"సంఘ అధ్యక్షురాలు స్వయముగా హాజరై తెలిపినదేమనగా, చెరువునందు నీరు తగ్గి తూము వద్ద మాత్రమే మిగిలినప్పుడు సదరు నీటిని తల్లినీళ్ళుగా భావించి, అందులోని చేపలు తదుపరి వర్షములకు సంతతి వృద్ధి చేయుటకై, సంఘ సభ్యులు తమకు జీవనము జరుగకున్నను వల వేయరనియు, రాత్రులయందు కట్టపై కాపలా ఉందురనియు, కావున వలలు ఎండుచుండుట చెరువును వినియోగించకపోవుట కాదనియు తెలిపిరి. అధ్యక్షురాలు, సభ్యులు విచారణ యందు మర్యాదగా వ్యవహరించిరి."

"ఆపు మా," అంది ప్రెసిడెంటవ్వ. "అది మళ్ళా చదువు."

చదివాను. ఆ ఆఫీసు తెలుగు ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. కానీ తల్లినీళ్ళు అన్నచోట ఆమె పెదాలు నాతోపాటు కదిలాయి. మర్యాదగా అన్నచోట ముఖం పక్కకు తిప్పుకుంది.

వెనక నుంచి ఒకామె ఉండబట్టలేక, "అది కాదు లాయరమ్మా, చెరువు ఎవురిదంట? ముందు అది చెప్పు," అంది.

"ఉండవే," అని ప్రెసిడెంటవ్వ ఆమెను కసిరింది. "నేను చెప్పింది రాసినారు. దాన్ని ఒకసారి విననీ."

మంచినీళ్ళు అడిగి తాగాను. ఆ పేరానే ఇంకోసారి, ఈసారి అందరికీ వినపడేలా, మాట మాటా ఆపి చదివాను. లీజు వాళ్ళకే కొనసాగుతుందని చెప్పే ఆఖరి పేరా ఆ తర్వాతే చదివాను.